బాకీ పెట్టువానికి మొహమాట మేల?

హోసూరు, కృష్ణగిరి ప్రాంతములలోని మన తెలుగు కుటుంబములందు ఒకరి కొలువులో చేరక సొంతముగా పని చేసికొని బ్రదుకువారు పలువురు గలరు. అనువాదకులు, జమాఖర్చులు వ్రాయువారు, యంత్రముల నమూనాలు గీయువారు ఇంటనే కూర్చుండి బెంగుళూరు సంస్థలకు పని చేసి పెట్టుచున్నారు. వీరికి శత్రువు పని లేమి కాదు. చెడ్డ ఖాతాదారును విడువలేని మొహమాటము. "ఇంటికి వచ్చిన లక్ష్మిని కాలదన్నరాదు" అని పెద్దలు మందలింతురు. ఆరు మాసములు తిరిగినను చేతికి రాని సొమ్ము లక్ష్మి యెట్లగునో ఆ పెద్దలే సెలవియ్యవలెను!

నేనును ఒక బెంగుళూరు కార్యాలయమునకు రెండేండ్లు అనువాదములు చేసితిని. పుటకింత యని మొదట ఒప్పుకొనిరి. పిదప దిద్దుబాట్లన్నియు ఉచితమైనవి. ప్రతి బిల్లునకును "వచ్చు నెల కలిపి యిత్తుము" అను జవాబే. ఒకనాడు సరియైన ధర యిచ్చు మరియొకరు పని తేగా, తీరిక లేక త్రిప్పి పంపితిని. సొమ్మియ్యనివాని పని సొమ్మిచ్చువాని పనికి అడ్డు వచ్చిననాడే విడువవలసిన వేళ వచ్చినట్లు. నాకది తెలియుటకు మరి యెనిమిది మాసములు పట్టినది.

ఒక్క బిల్లు ఆలస్యమైనంతనే తెగతెంపులు చేసికొమ్మని నా వాదము కాదు. సంపాదనలో సగము వానివలననే వచ్చుచున్నచో ముందు మరియొక ఖాతా చూచుకొనవలెను. పొయ్యి ఆరిపోవునను భయము ఉత్త భయము కాదు. నడుమ పని వదలిపోవుటయు తగదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టము ప్రకారము మాట తప్పినవాడు ఎదుటివాని నష్టమునకు బాధ్యుడు. కావున చేత నున్న పని ముగించి, కొత్త పని ఒప్పుకొనక, బాకీ లెక్క జతచేసి, నెల గడువుతో ఉత్తరము వ్రాయవలెను. ఫోనులో కసరుకొన్న మాట సాక్ష్యమునకు రాదు.

ఆ ఉత్తరమున 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల చట్టమును పేర్కొనుట మరువకుడు. ఉద్యమ్ నమోదు పొందిన చిన్న సేవా సంస్థకు, ఎట్టి ఒప్పందమున్నను, పని అంగీకరించిన 45 దినములలో సొమ్ము చెల్లింపవలెను. తప్పినచో రిజర్వు బ్యాంకు రేటునకు మూడింతల వడ్డీ, అదియు నెలనెలా చక్రవడ్డీ! ఇంతటి ఆయుధము చేత నుండగా మనవారు గుమాస్తాల గుమ్మముల కడ నిలువబడుట చూడ రోతగా నున్నది.

పరాయివారిని మాత్రమే నిందించుట న్యాయము కాదు. "మన భాషయే గదా, ఈ నాలుగు పుటలు చూచి పెట్టుము" అని బంధువులును, సభలవారును ఊరక చేయించుకొనుట లేదా? 2006లో తమిళాభ్యసన చట్టము వచ్చిన పిమ్మట మన పిల్లలకు తెలుగు వ్రాత నేర్పుటకు ఎంత ప్రయాస పడుచున్నామో వారెరుగనిది కాదు. అంత కష్టపడి నిలుపుకొన్న విద్యకు వెల లేదని తేల్చువారు మనవారే!

నా ఉత్తరమునకు సగము బాకీ వచ్చినది. తక్కినది రావలసి యున్నది. లక్ష్మిని కాలదన్నితినని నన్ను మందలించిన మామగారు మొన్న పెండ్లి శుభలేఖ దిద్దుటకు తెచ్చిరి. నమస్కరించి, కాఫీ ఇచ్చి, ధర చెప్పితిని.