తెరమీదే బోల్తా పడనివ్వండి

నిండు లోడుతో పల్లం దిగుతున్న వంద టన్నుల డంపరుకు రిటార్డర్ (పల్లంలో వేగాన్ని అదుపులో ఉంచే బ్రేకు) పనిచేయకపోతే ఏం చేయాలి? కొత్త ఆపరేటర్‌కు ఇది నోటితో చెప్పగలమే కానీ గనిలో చేయించి చూపలేం. నేర్పడం కోసం బ్రేకులు పోగొట్టలేం కదా! సిమ్యులేటర్ కావాలనడానికి నాకు ఈ ఒక్క కారణం చాలు. డీజిల్ ఆదా, టైర్ల ఆదా లెక్కలు అమ్మేవాళ్లు ఎలాగూ చెబుతారు.

సింగరేణి బొగ్గులో అత్యధిక భాగం ఇప్పుడు ఓపెన్‌కాస్టుల నుంచే వస్తోంది. అక్కడి డంపర్ టైరు ఒక్కటే మనిషి కంటే ఎత్తు. క్యాబిన్ ఎడమవైపు ఉంటుంది. కుడి పక్కన, ముందు బంపర్ కింద జీపు నిలబడినా ఆపరేటర్‌కు కనిపించదు. అలా జీపులు నలిగిపోయిన ప్రమాదాలు మన గనుల్లోనూ జరిగాయి. ఇంజిన్‌లో మంట లేస్తే కొత్తవాడు చేసే మొదటి పని తలుపు తీసి దూకడం. చేయాల్సింది బండి ఆపి, పార్కింగ్ బ్రేకు వేసి, ఇంజిన్ కట్టేసి, మంటలార్పే మీట నొక్కి, ఆ తర్వాతే మెట్లు దిగడం. కంగారులో ఈ వరుస గుర్తుండాలంటే చేతికి అలవాటవ్వాలి. ఇక డంప్‌యార్డు అంచుకు రివర్సులో వెళ్లడం. వెనక చక్రం బెర్మ్‌కు తగిలాకే ఆగడం చాలామందికి అలవాటు. ఆ మట్టిగట్టు హద్దు చూపడానికే తప్ప బండిని ఆపడానికి కాదు. వానకు అంచు నాని ఉంటే గట్టుతో సహా డంపరూ కిందికే. ఆ పాఠం తెరమీద ఒకసారి బోల్తా పడినవాడికి వేరే చెప్పనక్కర్లేదు.

పక్క సీట్లో కూర్చోబెట్టి నేర్పే సీనియర్‌ను తక్కువ చేయడం లేదు. ఇంజిన్ మోత మారితే తేడా పసిగట్టే చెవి ఆయన దగ్గరే వస్తుంది. తెరమీద పాసయ్యాడు కదా అని ఆయన పక్కన నేర్చుకునే నెలలు కోసేస్తే మాత్రం యూనియన్లు గొడవ చేయాల్సిందే.

మహిళలకు 2019లో ఓపెన్‌కాస్టుల్లో రాత్రి షిఫ్టుకూ అనుమతి వచ్చింది. స్టీరింగ్ పట్టని అమ్మాయికి సిమ్యులేటర్‌లో, నలుగురి వెటకారం లేనిచోట తప్పులు చేసుకునే వీలుండటం చిన్న విషయం కాదు.

అసలు పేచీ వేరే ఉంది. బొగ్గు మీది ఓబీ (ఓవర్‌బర్డెన్) మట్టి తీసే పని చాలావరకు కాంట్రాక్టర్ల చేతిలో ఉంది. వాళ్లకు క్యూబిక్ మీటర్ల లెక్కన డబ్బు, కాబట్టి డ్రైవర్‌కు ట్రిప్పుల తొందర. హైవే మీద లారీ నడిపి వచ్చినవాడు గనిలో డంపర్లు తిరిగే హాల్ రోడ్డెక్కుతాడు. 1966 నాటి వొకేషనల్ ట్రైనింగ్ నిబంధనలు అతనికీ వర్తిస్తాయి. ఏసీ గదిలో సిమ్యులేటర్ పెడితే అందులో కూర్చునేది మాత్రం కంపెనీ ఆపరేటరే. 2016 డిసెంబరులో జార్ఖండ్‌లోని రాజమహల్ గనిలో కూలిన మట్టి కింద 23 మంది పోయారు. అక్కడ పని చేస్తున్నది కాంట్రాక్టు మనుషులు. ఆ ప్రమాదం డ్రైవింగ్ లోపం కాదు, నిజమే. గనిలో ప్రాణాపాయం ఎవరి వాటాకు వెళుతోందో అది చూపింది.

అందుకే టెండరులోనే షరతు రాయాలి. సిమ్యులేటర్‌లో పాసైన డ్రైవర్‌కే గేటు పాస్. శిక్షణ రోజులకు కూలి కాంట్రాక్టర్ ఇవ్వాలి. తెరమీద కనిపించేది ఆస్ట్రేలియా వెడల్పు రోడ్లు కాకుండా, ఆగస్టు వానలో జారే మన హాల్ రోడ్డే అయివుండాలి. ఎవరు ఎన్నిసార్లు తప్పు చేశారన్న రికార్డు ట్రైనింగ్ గది దాటి చార్జిషీటు ఫైల్లోకి పోకూడదు. పోయిందో, ఆ సీట్లో ఎవడూ ధైర్యంగా తప్పు చేయడు.