ఉప్పు తగ్గించాల్సింది జాడీలో కాదు, కంచంలో

ఉక్కు కర్మాగారంలో పనికి వచ్చి జంషెడ్‌పూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు వేసవి అంటే ఆవకాయ కాలం. అదే రోజుల్లో పక్కింటి బిహారీ కుటుంబం మామిడి ముక్కలకు ఉప్పు, పసుపు పట్టించి డాబా మీద ఎండబెడుతుంది. ఎవరి ఊరగాయ ఎక్కువ కాలం నిలుస్తుందన్న వాదన ఏటా ఉండేదే. నిజానికి ఊరగాయ ఆయుష్షును తేల్చేది ప్రాంతం కాదు. నీరు, ఆమ్లం, ఉప్పు, గాలి, వేడి.

రెడ్ వైన్ విషయమూ ఇంతే. ఫ్రాన్స్‌లోని బోర్డో, ఇటలీలోని బరోలో వైన్లలో మేలైనవి దశాబ్దాలు నిలుస్తాయని పేరు. ఆ పేరు వెనుక ఉన్నవి ద్రాక్ష తొక్కలు, గింజల నుంచి వచ్చే టానిన్లు, పండులోని ఆమ్లం, 12-14 డిగ్రీల చల్లదనంతో చీకటిగా ఉండే నేలమాళిగ. అదే సీసాను మే నెలలో 40 డిగ్రీలు దాటే జంషెడ్‌పూర్ ఎండలకు వేడెక్కే గదిలో ఉంచితే ఊరి పేరు దాన్ని కాపాడలేదు. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే చాలా రసాయన చర్యల వేగం సుమారు రెట్టింపవుతుంది.

ఆవకాయకు నేలమాళిగ లేదు. దాని రక్షణ అంతా జాడీలోనే ఉండాలి. ఉప్పు ముక్కల్లోని నీటిని బయటికి లాగి, సూక్ష్మజీవులకు అందకుండా చేస్తుంది. పచ్చిమామిడి పులుపు వాటిని ఎదగనివ్వదు. ఆవపిండికి తడి తగలగానే పుట్టే ఘాటైన రసాయనం కూడా వాటికి గిట్టదు. పైన తేలే నూనె గాలిని అడ్డుకుంటుంది. నువ్వులనూనెలోని సహజ యాంటీఆక్సిడెంట్లు ఆ నూనె చెడువాసన పట్టకుండా చూస్తాయి. మూడో రోజు తిరగకలపడం వల్ల ఉప్పు, నూనె ప్రతి ముక్కకూ అందుతాయి. బిహారీ పద్ధతిలో నీటిని ముందే ఎండకు వదిలించుకుంటారు. దారులు వేరైనా సూత్రం ఒక్కటే.

ఇప్పుడు రక్తపోటు భయంతో చాలా ఇళ్లలో ఆవకాయకు ఉప్పు, నూనె బాగా తగ్గిస్తున్నారు. భయం సబబే. పెద్దలు రోజుకు 5 గ్రాముల లోపే ఉప్పు తినాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. కానీ ఉప్పు తగ్గించిన జాడీని పాత అలవాటు ప్రకారం అటక మీద పెట్టడమే పొరపాటు. వానాకాలపు తేమకు బూజు పడుతుంది. బూజు ఆమ్లాన్ని కూడా తినేయగలదు. అలా పులుపు తగ్గితే హానికర సూక్ష్మజీవులకు దారి తెరుచుకుంటుంది. పై పొర తీసేసి మిగతాది తినడం క్షేమం కాదు.

ఎరుపు కాస్త నల్లబడినంత మాత్రాన ఊరగాయ చెడిపోయినట్లు కాదు. కారం రంగు వెలుగుకు, గాలికి, వేడికి తరిగిపోతుంది. బూజు, చెడువాసన కనిపిస్తే మాత్రం పారేయాల్సిందే.

కాబట్టి ఏడాది నిల్వ ఉంచే జాడీలో కొలత ప్రకారమే ఉప్పు వేయాలి, కంచంలో వడ్డించుకునేది తగ్గించాలి. తక్కువ ఉప్పుతోనే కావాలంటే కొద్దిగా కలిపి, ఫ్రిజ్‌లో ఉంచి, త్వరగా తినేయాలి. అమ్మమ్మల కొలతను మార్చవచ్చు. అయితే ఆ కొలత చేస్తున్న పనిని మరొకటి చేయాలి.