వాలిన అక్షరం ఇటాలిక్ కాదు: తెలుగు పరిశోధన రచనలో ఒక అరువు నియమం

తెలుగు పరిశోధన గ్రంథాల్లో కావ్యనామాలను, ఉదాహరించిన పద్యాలను, ఊనిక ఇవ్వదలచిన మాటలను కుడివైపుకు వాల్చి ముద్రించే పద్ధతి ఒకటి కనిపిస్తున్నది. దీనిని ‘ఇటాలిక్’ అంటున్నారు. రోమన్ లిపి కోసం ఏర్పడిన ఆంగ్ల పరిశోధన నియమాలను తెలుగు లిపికి యథాతథంగా వర్తింపజేయడమే దీనికి మూలం. ఇది శాస్త్రీయం కాదనీ, తెలుగు సిద్ధాంత రచనలో దీనిని విడిచిపెట్టడమే సమంజసమనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. అందుకు ముందుగా ఆ పదానికున్న అర్థాలను వేరుచేసి చూడాలి.

భాషాశాస్త్రంలో ఇటాలిక్ అనేది ఇండో-యూరోపియన్ కుటుంబంలోని ఒక శాఖ పేరు. లాటిన్, ఫలిస్కన్, ఆస్కన్, అంబ్రియన్ ఆ శాఖలోని ప్రాచీన భాషలు. ఇటాలియన్, ఫ్రెంచి, స్పానిష్, రొమేనియన్ మొదలైనవి లాటిన్ సంతతి. కనుక ఇటాలిక్ వేరు, ఇటాలియన్ వేరు. తెలుగును ‘తూర్పుదేశపు ఇటాలియన్’ అనడంలోని పోలికకు ఆధారం అజంతత్వం. అది ఇటాలియన్‌కు చెల్లుతుంది గాని, హలంత పదాలు విస్తారంగా ఉన్న లాటిన్‌కు చెల్లదు. లిపి విషయంలో ఈ మాటకు మరొక పరిధి ఉంది. 2001లో యూనికోడ్‌లో చేరిన ‘ప్రాచీన ఇటాలిక్’ విభాగం ఆస్కన్, అంబ్రియన్ రాతలతోబాటు ఎట్రుస్కన్ రాతలకూ ఉద్దేశించినది. ఎట్రుస్కన్ ఇటాలిక్ భాష కాదు సరికదా, ఇండో-యూరోపియన్ భాషే కాదు. పేరు ఒకటైనంత మాత్రాన వస్తువు ఒకటి కాదనడానికి ఇదే నిదర్శనం.

ముద్రణలోని ఇటాలిక్ మూడవది. ఇటలీలో పుట్టినందువల్ల ఆ పేరు వచ్చింది. ఇటలీవారు మాత్రం దానిని ‘కోర్సివో’ అంటారు. పరుగు అనే అర్థమున్న ధాతువు నుండి వచ్చిన మాట అది. దాని స్వరూపం ఆ పేరులోనే ఉంది. 15వ శతాబ్దపు తొలి దశాబ్దాల్లో ఫ్లోరెన్స్‌కు చెందిన నికోలో నికోలి వంటి పండితులు ప్రాచీన గ్రంథాలకు నకళ్లు తీయడానికి వేగంగా సాగే చేతిరాతను అలవరచుకున్నారు. ఆ సంప్రదాయంలోని రాతను నమూనాగా తీసుకొని, వెనిస్‌లో ఆల్డస్ మనూషియస్ ముద్రణాలయం కోసం ఫ్రాన్సెస్కో గ్రిఫో అక్షరాలు చెక్కాడు. 1501లో వర్జిల్ కావ్యాలు ఆ అక్షరాల్లో అచ్చయ్యాయి.

ఈ చరిత్రలో గమనించవలసిన అంశాలు మూడు. మొదటిది, ఆ పుస్తకం ఆద్యంతం ఇటాలిక్‌లోనే ఉంది. ఊనికకో, గ్రంథనామానికో దానిని కేటాయించలేదు. నిలువు రోమన్ అక్షరాల నడుమ ఇటాలిక్‌ను సహచరిగా వాడే పద్ధతి తరువాతి దశాబ్దాల్లో స్థిరపడింది. రెండవది, ఆల్డస్ ఇటాలిక్‌లో పెద్దబడి అక్షరాలు నిటారుగానే ఉన్నాయి. మూడవది, ఇటాలిక్‌లో అక్షరాల కట్టడమే మారుతుంది. రోమన్‌లో రెండంతస్తులుగా ఉండే ‘ఎ’ ఇటాలిక్‌లో ఒంటి అంతస్తుగా మారుతుంది. అంటే వాలు ఇటాలిక్‌కు ఒక లక్షణమే గాని ప్రాణం కాదు. చేతిరాత దాని ప్రాణం. నిలువు అక్షరాన్ని కేవలం వాల్చితే వచ్చే రూపాన్ని ముద్రణశాస్త్రం ‘ఆబ్లిక్’ అని వేరుగా పిలుస్తుంది.

ఇప్పుడు తెలుగులో జరుగుతున్నదేమిటి? చాలా తెలుగు ఫాంట్లకు ప్రత్యేకంగా గీసిన ఇటాలిక్ రూపం లేదు. మీట నొక్కగానే కంప్యూటర్ ఉన్న అక్షరాన్నే యాంత్రికంగా వాల్చుతుంది. ఆధారరేఖకు పైనున్నది కుడికి, కిందనున్నది ఎడమకు జరుగుతుంది. రోమన్ లిపికి దీనివల్ల కలిగే హాని స్వల్పం. తెలుగు అక్షరం పైకీ కిందికీ పెరిగే కట్టడం. ‘రాష్ట్రం’, ‘స్త్రీ’ వంటి మాటల్లో గుడి ఒకవైపుకు, వత్తులు మరొకవైపుకు తొలగుతాయి. వత్తు తన హల్లును వీడి పక్క అక్షరం కిందికి చేరినట్లు కనిపిస్తుంది. గుండ్రదనం కోలగా సాగుతుంది. సంయుక్తాక్షరాలు దట్టంగా ఉండే ప్రబంధ పద్యాన్ని ఈ విధంగా ముద్రిస్తే కష్టపడేది పాఠకుడే. పాఠ పరిష్కరణలో ఒక వత్తు తేడా పాఠాంతరమవుతుంది. అటువంటి శాస్త్రంలో వత్తులను చెదరగొట్టే ముద్రణను నియమంగా పాటించడం విడ్డూరం.

ఇటాలిక్ నిర్వహించే పనులు తెలుగులో అవసరం లేదా అంటే, ఆ పనులకు తెలుగు వేరే మార్గాలు ఏర్పరచుకుంది. ఊనిక కోసం వ్యాకర్తలు అవధారణార్థకమన్న ఏకారం ఉంది. ‘తిక్కన రాశాడు’ అన్న వాక్యానికీ ‘తిక్కనే రాశాడు’ అన్న వాక్యానికీ గల భేదాన్ని ఆంగ్లం తరచు అక్షరాన్ని వాల్చి చూపుతుంది. తెలుగు ప్రత్యయంతోనే చెబుతుంది. గ్రంథనామాన్ని, ఉదాహరించిన మాటను వేరుపరచడానికి ‘అని’, ‘అను’, ‘అనే’ ఉన్నాయి. కొటేషన్ గుర్తులు లేని తాళపత్రాల్లోనూ ఈ పని జరిగింది. ఆశ్వాసాంత గద్యలో కృతినామం, కర్తృనామం భాషాబలంతోనే స్పష్టమవుతాయి. అన్యభాషాపదాలను వాల్చాలన్న నియమం మరింత చిక్కైనది. ‘రైతు’, ‘కాగితం’, ‘కోర్టు’, ‘బస్సు’ మాటల్లో దేనిని వాల్చాలి, దేనిని నిలపాలి? తత్సమ, తద్భవ, దేశ్య, అన్యదేశ్య విభాగాన్ని తెలుగు వ్యాకరణం పదస్వరూప వివేచన కోసం చేసింది. పుటమీద మాటలకు పరాయిముద్ర వేయడానికి కాదు.

దీనిపై రెండు ఆక్షేపణలు రావచ్చు. అంతర్జాతీయ ఏకరూపత కావాలన్నది మొదటిది. అటువంటి ఏకరూపత ప్రపంచంలో లేదు. ఫ్రాక్టూర్ అక్షరాల కాలంలో జర్మన్ ముద్రాపకులు ఊనిక కోసం అక్షరాల నడుమ ఎడం పెంచారు. చైనీయులు గ్రంథనామాలకు జంటకోణాల గుర్తులు వాడతారు. రష్యన్ లిపికి నిజమైన ఇటాలిక్ ఉన్నా, రష్యన్‌లో గ్రంథనామాలను కోణాకారపు ఉద్ధరణ చిహ్నాల మధ్య ఉంచడం పరిపాటి. వారి పాండిత్యానికి దానివల్ల లోటు రాలేదు. కామా, ఫుల్‌స్టాప్, ఉద్ధరణ చిహ్నాలు కూడా పరాయివే గదా అన్నది రెండవ ఆక్షేపణ. నిజమే. ఇక్కడ అభ్యంతరం పరాయితనానికి కాదు, పొసగకపోవడానికి. ఆ గుర్తులు అక్షరం వెలుపల నిలుస్తాయి; వాలు అక్షరాన్నే మారుస్తుంది. అందుకే అవి తెలుగులో ఇమిడాయి, ఇది ఇమడలేదు.

ఇటాలిక్ వంటిది తెలుగుకు కావాలనుకుంటే వెతకవలసిన చోటు వేరే ఉంది. కరణాల లెక్కల్లో, పాత దస్తావేజుల్లో కనిపించే గొలుసుకట్టు రాత ఆ చోటు. వేగం కోసం అక్షరాలు కలిసిపోయి రూపం మార్చుకున్న రాత అది. నికోలి రాత ఇటాలిక్‌కు మూలమైనట్లే, తెలుగు సహచర లిపికి మూలం కాగలిగినది గొలుసుకట్టే. దానిని చదవగలవారు తగ్గిపోతున్న తరుణంలో దాని అధ్యయనం లిపి రూపకర్తలకూ శాసన, దస్తావేజు పరిశోధకులకూ ఉమ్మడి కర్తవ్యం. ఆ పని చేయకుండా అక్షరాన్ని వాల్చి ఇటాలిక్ అనడం పేరును మాత్రమే అరువు తెచ్చుకోవడం.

కాబట్టి తెలుగు శాఖల రచనా నియమావళిలో గ్రంథనామాలకు ఏక ఉద్ధరణ చిహ్నాలు, పద్యాలకు అంచు విడిచిన అమరిక, ఆరోపపదాలకు ముదురక్షరం చాలును. రోమన్ లిపిలోనే ఇచ్చిన ఆంగ్ల గ్రంథనామాలకు ఇటాలిక్ యథావిధిగా ఉండవచ్చు. అది ఆ లిపి సంప్రదాయం. వాల్చలేదన్న కారణంతో తెలుగు సిద్ధాంత వ్యాసాన్ని తప్పుపట్టే అధికారం మాత్రం ఏ నియమావళికీ ఉండకూడదు. పరిశోధకుని క్రమశిక్షణకు కొలత ఉదాహరణలో పాఠశుద్ధి. అక్షరం వాలు కాదు.