అంజనం వేస్తే దొరికేది కాదు ఆలోచన



ఉద్యోగ విరమణ చేసిన తెలుగు పండితుణ్ణి వెదుక్కుంటూ ఎవరైనా వచ్చారంటే ఏ పద్యానికో అర్థం అడగడానికి వచ్చారని మీరనుకుంటారు. ఆ రోజులు పోయినాయి. పులివెందుల నుంచి వచ్చినా, జమ్మలమడుగు నుంచి వచ్చినా, ప్రొద్దుటూరులోనే వెనుకవీధి నుంచి వచ్చినా, పాత విద్యార్థులూ వారి బిడ్డలూ అడిగే ప్రశ్న ఇప్పుడు ఒక్కటే: "సార్, ఏదన్నా మంచి బిజినెస్ ఐడియా చెప్పండి సార్!" నన్ను అడుగుతున్నారంటే అప్పటికే ఎందరినో అడిగి విసిగి వచ్చారన్నమాట. ఆ పిల్లల మీద నాకు కోపం లేదు. వ్యాపారపు ఆలోచన ఎక్కడో దాచిపెట్టి ఉన్న వస్తువనీ, ఆ చోటు తెలిసినవాడు చెబితే చాలుననీ వారికి నూరిపోసినవారి మీదనే నా కోపమంతా.

గుప్తనిధుల తవ్వకాల కథలు గండికోట పరిసరాల వారికి కొత్తవి కావు. అంజనం వేసేవాడొకడు వస్తాడు. ఫలానా గుడి వెనుక లంకెబిందెలున్నాయంటాడు. నలుగురు పలుగూ పారా పట్టుకొని రాత్రిపూట బయలుదేరుతారు. చివరకు బాగుపడేది అంజనం వేసినవాడొక్కడే. నేటి 'ఐడియా' ప్రబోధకులకూ అతనికీ భేదమేమి? హోటలు హాలులో ఒక పూట ఉపన్యాసం, దానికి రుసుము. పదివేల పెట్టుబడికి నెలకు లక్ష రాబడి అని ఊరించే వీడియోలు. ఆ పైన ఫ్రాంచైజీలు. నాకు తెలిసిన ఒక కుటుంబంవారు రెండెకరాల చీనీతోట (కోస్తావారు బత్తాయి అంటారు) అమ్మి కొడుకు చేత అలాంటి అంగడి ఒకటి పెట్టించారు. బోర్డు వచ్చింది, రంగుదీపాలు వచ్చాయి, చెప్పిన ధరకే సరుకు కొనాలన్న ఒప్పందమూ వచ్చింది. కొనేవాడు మాత్రం రాలేదు. ఏడాది తిరగకముందే అంగడి మూతపడింది. ఆ వీధిలో జనానికి ఏమి కావాలో అక్కడే పుట్టి పెరిగిన ఆ కుర్రవానికి తెలియదా? తెలుసు. అతణ్ణి ఆ మాట అడిగినవారే లేరు.

మన భాషనడిగినా సమాధానం దొరికేది. సంస్కృత వ్యాకరణంలో ధాతువుకు రెండర్థాలు చెబుతారు. ఒకటి ఫలము, రెండవది వ్యాపారము. 'వండుట' అన్నప్పుడు పొయ్యి రాజేయడం, ఎసరు పెట్టడం, బియ్యం పోయడం, మంట చూసుకోవడం, ఇదంతా వ్యాపారము. బియ్యం మెత్తబడి అన్నం కావడం ఫలము. ఫలాన్ని మాత్రమే చూపించి వ్యాపారాన్ని దాచిపెట్టేవాడు గురువెట్లా అవుతాడు?

పత్రికలవారు స్టార్టప్‌కు 'అంకుర సంస్థ' అని పేరు పెట్టారు. మంచి మాటే. కాని అంకురానికి విత్తనం కావాలి, నేలకు పదును కావాలి. పదును చూడకుండా విత్తితే ఏమవుతుందో వేరుశనగ వేసే ఏ రైతునడిగినా చెబుతాడు. 2016 జనవరిలో కేంద్రప్రభుత్వం స్టార్టప్ ఇండియాను ప్రారంభించిన నాటినుంచీ అంకురాల గురించి వింటూనే ఉన్నాం. పదును గురించి మాట్లాడేవారు అరుదు. ఇక్కడ పదును అంటే ఆ పనిలో, ఆ సరుకుతో, ఆ జనంతో కొంతకాలం మెలగడం.

చరిత్ర చూడండి. 1652లో ఫ్రెంచి రత్నాల వర్తకుడు టావెర్నియె గండికోటకు వచ్చి మీర్ జుమ్లాను కలుసుకున్నాడు. అప్పటికి ఆ కోట మీర్ జుమ్లా చేతిలో ఉంది. అతడెవడు? పారశీకదేశంలో ఒక నూనె వర్తకుని కొడుకు. వజ్రాల వర్తకుని వద్ద గుమాస్తాగా చేరి, ఆ పని మీదనే గోలకొండ రాజ్యానికి వచ్చి, వర్తకుడైనాడు. సేనాని కావడం, మంత్రి కావడం ఆ తరువాతి సంగతులు. అతని రాజకీయాన్ని నేను మెచ్చుకోను. వర్తకం నేర్చిన తీరు మాత్రం గమనించదగినది. అది గుమాస్తా బల్ల దగ్గర మొదలైంది.

అంత దూరం పోనక్కరలేదు. బంగారపు అంగళ్ళను చూపించి ప్రొద్దుటూరును రెండవ బొంబాయి అని మురిసిపోతాం. ఆ అంగళ్ళలో పెద్దలైనవారు చిన్నతనంలో చాప దులిపి, తక్కెడ తుడిచి, వచ్చినవారి ముఖం చూసి మనసు చదవడం నేర్చినవారే. 'జలగడుగు' అని మన భాషలో ఒక మాట ఉన్నది. కంసాలి అంగడి ఊడ్చిన దుమ్మును, మురుగుకాలువ మట్టిని నీటితో కడిగి బంగారపు రజను తీసే పని అది. ఆ వృత్తివారికి ఐడియా ఎవరు చెప్పారు? ఊడ్చి పారవేసిన దాంట్లో ఏముందో వంగి చూశారు, అంతే.

మనమూ అలా వంగి చూద్దాం. మహారాష్ట్ర ఇళ్ళలో వంటగట్టుకు పరిచే నల్లరాతిని 'కడప్పా' అనే పిలుస్తారు. భూగర్భశాస్త్రంలో ఒక పెద్ద శిలాసముదాయానికే కడప పేరున్నది. అంతటి పేరున్న నాపరాతిని మనం పలకలుగా కోసి లారీలకెత్తి ఊరుకుంటున్నాం. జమ్మలమడుగు, యర్రగుంట్ల వైపు గనుల ప్రక్కన గుట్టలుగా పడివున్న ముక్కరాయి దేనికి పనికివస్తుందో పట్టించుకున్నవారెందరు?

కొర్రల సంగతి చూడండి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చిన తరువాత కొర్రన్నాన్ని పేదకూడని ఈసడించాం. ప్రొద్దుటూరులో పుట్టి మైసూరులో స్థిరపడిన డాక్టరు ఖాదర్ వలీ సిరిధాన్యాల ప్రచారానికి 2023లో పద్మశ్రీ పొందారు. ఆయన చెప్పే వైద్యపు సంగతుల మీద వాదాలున్నాయి, వాటి జోలికి నేను పోను. నేననేది వేరు. పట్నవాసులు వెదికి కొంటున్న కొర్రలకు పొట్టు తీయడం, రాళ్ళేరడం పెద్ద పని. ఊరిలో మర లేకపోతే రైతు గింజను గింజగానే అమ్ముకుంటాడు. ఇంట్లో ఈ కష్టం చూస్తూ పెరిగిన బిడ్డకు ఐడియా లేదంటే నేను నమ్మను.

పులివెందుల అరటి కూడా అంతే. 2020 జనవరిలో ప్రక్కనున్న తాడిపత్రి నుంచి అనంతపురం అరటి ప్రత్యేక రైలులో ముంబయి రేవుకు, అక్కడినుంచి విదేశాలకు వెళ్ళింది. గెల చెట్టు దిగి ఓడ ఎక్కేలోగా అత్తాలుగా కోయాలి, కడగాలి, తూచాలి, అట్టపెట్టెలలో సర్దాలి, చల్లగా ఉంచాలి. ఒక్కొక్క మెట్టూ ఒక్కొక్క వ్యాపారమే. ఏ మెట్టు దగ్గర కాయ దెబ్బతింటున్నదో కనిపెట్టిన పిల్లవానికి నా సలహా ఎందుకు?

"పెద్ద పరిశ్రమ వస్తే ఇవన్నీ ఎందుకు?" అనేవారున్నారు. 2007లో జమ్మలమడుగు వద్ద బ్రహ్మణి ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది. 2018 డిసెంబరులో మైలవరం మండలం కంబాలదిన్నె వద్ద మరొకటి. 2019 డిసెంబరులో సున్నపురాళ్ళపల్లె వద్ద ఇంకొకటి. 2023 ఫిబ్రవరిలో అక్కడే మళ్ళీ. పదహారేళ్ళలో ముగ్గురు ముఖ్యమంత్రులు, నాలుగు పునాదిరాళ్ళు. నాలుగవ రాయి పడేనాటికి ఒక్క ఉక్కుకడ్డీ బయటికి రాలేదు. 2007లో పుట్టిన బిడ్డకు 2025లో ఓటు వచ్చింది. ఉక్కు రావద్దని నేననను. వస్తే ఉద్యోగాలిస్తుంది. వచ్చేదాకా ఒక తరం చేతులు కట్టుకొని కూర్చోవాలనడం న్యాయమా?

పెట్టుబడి మాటేమిటంటారు. 2015లో వచ్చిన ముద్ర ఋణాలున్నాయి. అవి చాలవన్నా ఒప్పుకుంటాను. కాని అంతకంటె పెద్ద అడ్డు వేరే ఉన్నది. బంగారపు అంగడిలో చాప దులిపే అవకాశం ఎవరి బిడ్డకుంది? తండ్రికో మేనమామకో అంగడి ఉన్నవానికి. నేతవాని కూతురికి, కూలివాని కొడుకుకు ఆ గడప లోపలికి దారి లేదు. లేదు కనుకనే వాళ్ళు అంజనం వేసేవాని వద్దకు పోతున్నారు. కడప అంటేనే గడప అని చెప్పుకునే జిల్లాలో ఇది సిగ్గుపడవలసిన సంగతి.

ప్రొద్దుటూరు వర్తకులారా! దసరా ఉత్సవాలలో మీరు చూపే ఔదార్యం ఊరంతా ఎరుగును. అందులో కొంత అంగడి గడప దగ్గర చూపండి. ఏటా పదిమంది డిగ్రీ పిల్లలను ఆరునెలలు దగ్గర కూర్చోబెట్టుకోండి. జీతమివ్వండి. తూకం, ఖాతా, అరువు, నమ్మకం నేర్పండి. మీ రహస్యాలేమీ తరిగిపోవు. కళాశాలలవారూ రికార్డులు వ్రాయించడం కొంత తగ్గించి రాతిగనికి, అరటిమండీకి, మగ్గపు గుంత దగ్గరికి పిల్లలను పంపండి. అక్కడ వారికి పది లోపాలు కనబడతాయి. అందులో ఒక్కటి తీర్చగలిగినా బ్రతుకుతెరువే.

చదువరులలో వ్యాపారానుభవం ఉన్నవారు, మీ మొదటి గడప ఎవరు తెరిచారో వ్రాయండి. ఇదంతా పాతకాలపు మాట అనేవారు కొత్తకాలపు మార్గం చెప్పండి, వింటాను. అంజనం మాత్రం వద్దు.