పెళ్ళి సంబంధం కోసమేనా కంప్యూటర్ చదువు?

ఎంసెట్ ర్యాంకులు వచ్చాయంటే చాలు, మహదేవపూర్ నుంచి కాటారం దాకా ఏ ఇంట్లో విన్నా ఒకటే మాట. "బిడ్డకు సీఎస్ఈ వస్తదా, రాదా?" 2024 నుంచి ఆ పరీక్ష పేరు ఈఏపీసెట్ అయింది కానీ మన నోటికి ఇంకా ఎంసెటే. సీఎస్ఈనే ఎందుకు అని అడగండి. కొడుకు తల్లి అయితే "ప్యాకేజీ" అంటుంది. కూతురు తల్లి మాత్రం కాస్త గొంతు తగ్గించి, "ఏసీ రూముల కూసుండి చేసే పని, ఎండకు తిరిగేది లేదు, మంచి సంబంధాలు గూడ వస్తయి" అంటుంది.

ఆ చివరి మాట దగ్గరే నాకు పేచీ.

నాలుగేళ్ళు హాస్టల్లో ఉంచి, ఫీజులు కట్టి చదివిస్తాం. పెళ్ళి బయోడేటాలో "బీటెక్, సీఎస్ఈ" అని రాస్తాం. పెళ్ళివాళ్ళు వచ్చి "ఉద్యోగం చేసినా మంచిదే, చెయ్యకపోయినా మంచిదే" అంటే ఎంత మంచివాళ్ళో అని మురిసిపోతాం. రెండేళ్ళు గడిచి చంకలో పిల్ల వచ్చేసరికి ఆ చదువు అటకెక్కుతుంది. బంగారం బీరువాలో పెట్టినా దాని విలువ దానికి ఉంటుంది. కంప్యూటర్ చదువు అలా కాదు. అది చేతిపని లాంటిది. చేస్తూ ఉంటేనే ఉంటుంది, మూడేళ్ళు పక్కన పెడితే మళ్ళీ మొదటి నుంచి నేర్చుకోవాలి. అందుకే నేననేది ఒక్కటే. ఆడపిల్లకు కంప్యూటర్ ఇంజనీరింగ్ చదివిస్తే ఆ పని చెయ్యడానికే చదివించాలి. బయోడేటాలో ఒక లైను కోసమైతే అంత ఖర్చూ, ఆ పిల్ల అంత కష్టమూ అక్కర్లేదు.

అసలు ఆ పని ఏమిటో మనలో చాలామందికి తెలియకపోవడం కూడా దీనికి ఒక కారణం. మన దగ్గర ఇంజనీరింగ్ అంటే కళ్ళకు కనిపించేది. మేడిగడ్డ దగ్గర గోదావరి మీద 85 గేట్ల బ్యారేజీ కనిపిస్తుంది. భూపాలపల్లిలో బొగ్గు గనులు, చెల్పూరులో కాకతీయ థర్మల్ కేంద్రం కనిపిస్తాయి. కంప్యూటర్ ఇంజనీరు కట్టినది మాత్రం కనిపించదు. కానీ పొద్దున లేచింది మొదలు మనం వాడేది దాన్నే. ఫోన్లో గ్యాస్ బుక్ చేస్తాం, కూరగాయల బండి దగ్గర స్కాన్ చేసి డబ్బులు పంపుతాం, మీసేవలో ఆదాయం సర్టిఫికెట్ తీసుకుంటాం. వీటన్నిటి వెనకా ఎవరో కూర్చుని, ముందు ఏం జరగాలి, తర్వాత ఏం జరగాలి, మధ్యలో తప్పు జరిగితే ఏం చెయ్యాలి అని వరసగా రాసిపెట్టారు. అదే ప్రోగ్రాం.

దసలి పట్టుకు పేరున్న మహదేవపూర్ వాళ్ళకు ఇది ఇంకా సులువుగా చెప్పొచ్చు. 1804 ప్రాంతంలో ఫ్రాన్సులో జకార్డ్ అనే ఆయన ఒక మగ్గం తయారు చేశాడు. అట్టముక్కల మీద చిల్లులు పొడిచి మగ్గానికి తగిలిస్తే, చిల్లు ఉన్నచోట ఒక రకంగా, లేనిచోట ఇంకో రకంగా పోగులు లేచి డిజైను దానంతట అదే పడుతుంది. అట్టలు మారిస్తే డిజైను మారుతుంది. తర్వాతి కాలంలో కంప్యూటర్లకు ఆదేశాలు ఇవ్వడానికి వాడిన చిల్లుల కార్డులు ఆ ఆలోచనలోంచి వచ్చినవే. చీర అంచులో ఒక పోగు తప్పితే డిజైనంతా ఎలా చెడుతుందో మనకు తెలుసు. ప్రోగ్రాంలోనూ అంతే.

తప్పు జరిగితే నష్టం కూడా చిన్నది కాదు. 2023 అక్టోబరులో మేడిగడ్డ ఏడో బ్లాకులో పియర్లు కుంగితే దేశమంతా చూసింది. కంప్యూటర్లో తప్పు పడితే అలా బయటికి కనిపించదు. 2020లో వచ్చిన ధరణిలో పేరో సర్వే నంబరో తప్పు పడ్డ రైతులు ఆఫీసుల చుట్టూ ఎంత తిరిగారో పల్లెల్లో ఉన్నవాళ్ళకు తెలియనిది కాదు. 2025లో దాని స్థానంలో భూభారతి వచ్చింది. ఇలాంటివి కట్టేవాళ్ళలో పట్టా పాసుపుస్తకం విలువ తెలిసిన పల్లెటూరి పిల్లలు ఉండాలా వద్దా? బ్యాంకు ముందు లైన్లో నిలబడ్డ సంఘం మహిళల కష్టం తెలిసిన ఆడపిల్ల ఉంటే ఆ పని ఇంకా బాగుంటుందా లేదా?

ఇది మగవాళ్ళ పని అనుకునేవాళ్ళకు ఒక సంగతి. 1946లో అమెరికాలో లోకానికి చూపించిన ఎనియాక్ అనే తొలితరం కంప్యూటరుకు ప్రోగ్రాములు సిద్ధం చేసింది ఆరుగురు ఆడవాళ్ళు. అంటే ఈ పని మొదలైనప్పుడే మనం ఉన్నాం.

ఇక సీటు సంగతి. కన్వీనర్ కోటాలో వచ్చే సీటు వేరు, మేనేజ్‌మెంట్ కోటాలో కొనే సీటు వేరు. కొన్న సీటుకు ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు. కన్వీనర్ సీటే అయినా, పదివేల లోపు ర్యాంకు లేని బీసీ పిల్లలకు ఏటా 35 వేల వరకే వస్తుంది. హైదరాబాదులో పేరున్న కాలేజీల ఫీజు ఏడాదికి లక్ష దాటింది. ప్రభుత్వం నుంచి బకాయిలు ఆలస్యమైతే సర్టిఫికెట్లు ఆపే కాలేజీలూ ఉన్నాయి. ఇవన్నీ లెక్క వేసుకోకుండా రెండెకరాలు అమ్మి సీటు కొనడం నాకు అస్సలు నచ్చదు. ఆ భూమి పోయిందన్న బరువు చివరికి ఆ పిల్ల నెత్తినే పడుతుంది.

దగ్గర్లో ఉన్నవి ముందు చూడండి. మంథని పేరుతో సెంటినరీ కాలనీలో జేఎన్టీయూ సొంత ఇంజనీరింగ్ కాలేజీ ఉంది. పదో తరగతి బాగా చదివిన పిల్లకు బాసర ట్రిపుల్ ఐటీ ఉంది. అక్కడ ఎంసెట్ లేదు, పదో తరగతి మార్కులతోనే ఆరేళ్ళ కోర్సులో తీసుకుంటారు. ప్రభుత్వ బడిలో చదివినవాళ్ళకు కొంత వెయిటేజీ కూడా ఇస్తారు. పాలిటెక్నిక్ చేసిన పిల్ల ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. ఏఐసీటీఈ వాళ్ళ ప్రగతి స్కాలర్‌షిప్పు ఆడపిల్లల కోసమే ఉంది. కుటుంబ ఆదాయం ఏటా 8 లక్షల లోపు ఉంటే దరఖాస్తు పెట్టొచ్చు. ఎంపికైతే ఏడాదికి 50 వేలు, ఒక ఇంట్లో ఇద్దరు ఆడపిల్లల వరకు ఇస్తారు. దీని గురించి మనలో ఎంతమందికి తెలుసు?

సీఎస్ఈ రాకపోతే కొంప మునిగినట్టు ఏడవాల్సిన పనీ లేదు. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి గారు గిండీ కాలేజీలో చదివింది సివిల్ ఇంజనీరింగ్. తర్వాత కంప్యూటర్ల వైపు వెళ్ళి, కృత్రిమ మేధలో చేసిన పనికి 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు. 2008లో పల్లె పిల్లల కోసం మొదలైన ట్రిపుల్ ఐటీల వెనకా ఆయన ఉన్నారు. మైక్రోసాఫ్ట్ నడుపుతున్న సత్య నాదెళ్ళ మణిపాల్‌లో చదివింది ఎలక్ట్రికల్. ఎక్కడో పేరు తెలియని కాలేజీలో సీఎస్ఈ కన్నా మంచి కాలేజీలో ఈసీఈనో ట్రిపుల్ ఈనో మేలు. ఆసక్తి ఉన్న పిల్ల అక్కడి నుంచే కంప్యూటర్ పని నేర్చుకోగలదు.

సీటు వచ్చాక అసలు పని మొదలవుతుంది. మనం మాత్రం అక్కడితో అయిపోయిందనుకుంటాం. చివరి ఏడాది ప్రాజెక్టును అమీర్‌పేటలో డబ్బిచ్చి కొనుక్కోవడం ఎంత మామూలైపోయిందో పిల్లల్నే అడగండి. ఇదివరకు అలాంటివాళ్ళకు కూడా కంపెనీలు ఉద్యోగాలిచ్చి నేర్పించుకునేవి. ఇప్పుడు ఆ రోజులు పోతున్నాయి. 2025 జూలైలో టీసీఎస్ తన ఉద్యోగుల్లో సుమారు 2 శాతం మందిని, అంటే 12 వేల మందికి పైగా తగ్గిస్తామని చెప్పింది. మామూలు కోడును ఏఐ క్షణాల్లో రాసిస్తోంది. ఇక కావలసింది, అది రాసిన దాంట్లో తప్పెక్కడుందో పట్టుకోగల మనిషి. దానికి లెక్కలు, డేటా స్ట్రక్చర్లు, డేటాబేస్, నెట్‌వర్కులు గట్టిగా రావాలి. కోర్సు పేరులో ఏఐ అనో డేటా సైన్స్ అనో ఉంటే సరిపోదు.

అమ్మలు ఇందులో ఏం చెయ్యగలరు అంటారా? సెలవులకు ఇంటికొచ్చిన కూతురిని "ఈ సెమిస్టర్లో ఏం తయారు చేశావు, నాకు అర్థమయ్యేలా చెప్పు" అని అడగండి. సొంతంగా చేసిన పిల్ల వంటింట్లో కూర్చుని కూడా చెప్పగలదు. కొనుక్కున్న పిల్ల నసుగుతుంది. మార్కులు అడగడం కన్నా ఇది మంచి పరీక్ష.

ఉద్యోగం అంటే హైటెక్ సిటీ ఒక్కటే కాదు. వరంగల్ మడికొండలో టెక్ మహీంద్రా, సైయెంట్ 2020లోనే మొదలయ్యాయి. కరీంనగర్‌లో ఐటీ టవర్ ఉంది. బ్యాంకుల్లో ఐటీ ఆఫీసర్లు, కేంద్ర ప్రభుత్వ ఎన్ఐసీలో ఇంజనీర్లు ఉంటారు. గేట్ రాసి ఎంటెక్ చేసి లెక్చరర్ కావచ్చు. కోడు రాయడం ఇష్టం లేని పిల్ల టెస్టింగులోకో సైబర్ సెక్యూరిటీలోకో వెళ్ళొచ్చు. ఎక్కడైనా నేర్చుకోవడం ఆపకూడదు.

ఇక మళ్ళీ సంబంధాల మాట. రానివ్వండి, వద్దనడం లేదు. కానీ కట్నం ఎంత, పెట్టుపోతలేమిటి అని గంటలు మాట్లాడేవాళ్ళం, "పెళ్ళయ్యాక మా పిల్ల ఉద్యోగం చేస్తుంది, పిల్లలు పుట్టాక కూడా చేస్తుంది" అని ఒక్క మాట ఎందుకు అనం? చట్టం ఆ పిల్ల వైపే ఉంది. 2017లో చేసిన సవరణతో మొదటి రెండు కాన్పులకు 26 వారాల జీతంతో సెలవు వచ్చింది. 50 మంది లేదా అంతకు మించి పనిచేసే సంస్థలో పసిపిల్లల కోసం క్రెష్ ఉండాలి. చట్టం ఇంత ఇచ్చినా ఇంట్లో "ఇంక చాల్లే" అనేస్తే ఏం లాభం? పసిపిల్లను ఆరు నెలలు చూసుకోవడానికి అమ్మమ్మో నాయనమ్మో ముందుకొస్తే, ఆ సాయం ఇచ్చిన బంగారం కన్నా ఎక్కువ.

మధ్యలో ఆపేసిన అమ్మాయిలు ఇది చదువుతుంటే, మీకూ దారి మూసుకుపోలేదు. మన మంథని నుంచి నాలుగుసార్లు ఎమ్మెల్యేగా గెలిచిన పి.వి. నరసింహారావు గారు అరవై దాటాక కంప్యూటర్ ముందు కూర్చుని ప్రోగ్రాం రాయడం కూడా నేర్చుకున్నారు. ముప్పైల్లో ఉన్న మీకు అది కష్టమేమీ కాదు. పూర్తిగా కొత్తదేమీ కాదు కదా, ఒకసారి చదివిందే.

ఈ ఏడు కౌన్సెలింగ్‌కు వెళ్ళేవాళ్ళు ఆప్షన్లు పెట్టే ముందు కూతురిని పక్కన కూర్చోబెట్టుకుని, "పదేళ్ళ తర్వాత నువ్వు ఏ పని చేస్తూ ఉండాలనుకుంటున్నావు?" అని అడగండి. ఆ పిల్ల చెప్పే జవాబును బట్టి కాలేజీ, బ్రాంచి ఎంచుకోండి. పెళ్ళివాళ్ళకు ఏం చెప్పాలో తర్వాత చూసుకోవచ్చు.