ఆ సున్నా మాటేమిటి?

2024 ఏప్రిల్ 30న టీ20 ప్రపంచకప్‌కు భారత జట్టును ప్రకటించారు. శివమ్ దూబేను ఆల్‌రౌండర్ లెక్కన తీసుకున్నారు. అప్పటికి ఐపీఎల్ మొదలై నెల దాటింది. చెన్నై తరఫున దూబే ఆ నెలంతా సిక్సర్లు బాదుతూనే ఉన్నాడు. మరి అప్పటిదాకా అతను వేసిన ఓవర్లెన్ని? సున్నా. ఓవరు మాట దేవుడెరుగు, ఒక్క బంతి కూడా అతని చేతికివ్వలేదు. మర్నాడు పంజాబ్‌తో మ్యాచ్‌లో తొలిసారి బంతినిస్తే బెయిర్‌స్టోను ఔట్ చేశాడు. సీజన్ మొత్తానికి అతను వేసింది ఆ ఒక్క ఓవరే.

మ్యాచ్ మధ్యలో ఒకణ్ణి తీసి ఇంకొకణ్ణి దించుకోనిచ్చే ఇంపాక్ట్ ప్లేయర్ నిబంధన మీద ఇన్నేళ్లుగా నడుస్తున్న చర్చలో ఈ సున్నాను పట్టుకున్నవాళ్లు నాకు పెద్దగా కనబడలేదు. అందరూ స్కోర్ల వెంట పడ్డారు. 200 దాటిన ఇన్నింగ్స్ 2022లో 18 ఉంటే, ఈ నిబంధన వచ్చిన 2023లో 37 అయ్యాయనీ, 2024లో 41కి చేరాయనీ లెక్కలు చదువుతారు. బౌలర్ల గోడు ఎవరికీ పట్టదని ఒకరు, జనం టికెట్ కొనేది సిక్సర్ల కోసమే కదా అని ఇంకొకరు. ఈ కొట్లాటలో అసలు సంగతి మూలన పడింది. పిచ్ మీద కాస్త గడ్డి ఉంచి, బౌండరీ తాడును వెనక్కి జరిపితే స్కోర్లు వాటంతటవే దిగొస్తాయి. బెంగళూరులో సన్‌రైజర్స్ 287 కొట్టిన రాత్రి ఎగిరి గంతేసినవాళ్లలో నేనూ ఉన్నాను. పరుగుల మీద నాకేమీ పగ లేదు. నా కోపమంతా ఆ సున్నా మీదే.

రెండు పనులు వచ్చినవాడు జట్టుకెందుకు కావాలి? కుర్చీలు పదకొండే ఉన్నాయి కాబట్టి. ఆరుగురు బ్యాటర్లు, ఒక కీపరు, నలుగురు బౌలర్లు అనుకుంటే పదకొండూ నిండిపోయాయి. అయిదో బౌలరును ఎక్కడ కూర్చోబెట్టాలి? అక్కడే బ్యాటూ బంతీ రెండూ తెలిసినవాడి అవసరం పడుతుంది. రెండింటిలోనూ అతను మొదటి రకం కాకపోవచ్చు. ఒక్క కుర్చీలో ఇద్దరి పని చేస్తాడు, అదే అతని విలువ. ఇప్పుడు పన్నెండో కుర్చీ వేసి చూడండి. బ్యాటింగప్పుడు నిఖార్సయిన బ్యాటర్ని, బౌలింగప్పుడు నిఖార్సయిన బౌలర్ని దించుకోవచ్చు. వచ్చినవాడు పూర్తి నాలుగు ఓవర్లు వేసుకోవచ్చు కూడా. ఇక ఆ రెండు పనుల మనిషితో ఏం పని? సగం పని మానెయ్ అంటారు. దూబేకు జరిగింది అదే. ఈ నిబంధన కింద ఐపీఎల్‌లో మొట్టమొదట పక్కకు తప్పుకున్నది మన అంబటి రాయుడు. 2023 మార్చి 31న అహ్మదాబాద్‌లో బ్యాటింగ్ అయ్యాక అతను డగౌట్‌లో కూర్చుంటే తుషార్ దేశ్‌పాండే వచ్చి బౌలింగ్ చేశాడు.

రోహిత్ శర్మ అదే 2024 ఏప్రిల్‌లో ఒక పాడ్‌కాస్ట్‌లో ఈ మాట దాచుకోకుండా చెప్పాడు. క్రికెట్ ఆడేది పదకొండు మంది, పన్నెండు మంది కాదన్నాడు. దూబే, వాషింగ్టన్ సుందర్‌లాంటి వాళ్లకు బంతి దొరకడం లేదన్నాడు. రెండు రోజులు వార్తలయ్యాయి, మూడో రోజు అందరూ మళ్లీ 200ల లెక్కలోకి వెళ్లిపోయారు.

ఆ సుందరే అదే ఏడాది డిసెంబరు 28న మెల్‌బోర్న్‌లో నిలబడ్డాడు. తోడుగా విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి. ఆస్ట్రేలియా 474కి జవాబుగా మనవాళ్లు 221కే ఏడు వికెట్లు పారేసుకున్నారు. ఫాలోఆన్ గండం దాటాలంటే 275 కావాలి. ఈ ఇద్దరూ ఎనిమిదో వికెట్‌కు 127 పరుగులు జోడించారు. సుందర్ 50, ఎనిమిదో నంబర్లో దిగిన నితీశ్ 114. మ్యాచ్ ఓడిపోయాం, అది వేరే సంగతి. ఎనిమిదో నంబర్లో సెంచరీ కొట్టగలిగినవాడు, అవసరమైతే కొత్త బంతి పాతబడ్డాక పది ఓవర్లు వేయగలిగినవాడు మనకు దొరకడమే గొప్ప. టీ20ల్లోనూ అంతకుముందు అక్టోబరులో ఢిల్లీలో బంగ్లాదేశ్ మీద ఇదే నితీశ్ 34 బంతుల్లో 74 కొట్టి, 23 పరుగులకు రెండు వికెట్లు తీశాడు. గమనించాల్సిందేమిటంటే అంతర్జాతీయ మ్యాచుల్లో పన్నెండో కుర్చీ లేదు. అక్కడ కెప్టెన్ అతని చేతికి బంతి ఇవ్వక తప్పదు. అదే ఏడాది ఐపీఎల్‌లో 303 పరుగులతో ఎమర్జింగ్ ప్లేయర్ అవార్డు తెచ్చుకున్న నితీశ్ తీసిన వికెట్లు మూడు.

ఈ గొడవంతా వనపర్తిలో కూర్చున్న నాకెందుకని అడగొచ్చు. ఆదివారం పొద్దున పాలిటెక్నిక్ మైదానం దగ్గరికి రండి, చూపిస్తాను. అక్కడ పదకొండు మంది పోగవడమే గగనం. వచ్చిన తొమ్మిది మందిలో కీపింగ్ చేసేవాడే ఓపెనర్, ఓపెనరే రెండో స్పెల్ బౌలర్. గ్రామాల్లో సంక్రాంతి టోర్నమెంట్లకు వెళ్లే జట్లూ అంతే. ఆటోలో ఎందరు పడితే అంతే జట్టు. పెద్ద కోచింగులూ బౌలింగ్ మెషీన్లూ లేని చోట పిల్లలకు ఒకే పనిలో నూటికి నూరు రాదు, రెండు పనుల్లో అరవై అరవై వస్తుంది. ఆ నూట ఇరవైయే వాళ్ల పెట్టుబడి. గద్వాల పిల్లాడైనా నాగర్‌కర్నూల్ పిల్లాడైనా వంద కిలోమీటర్లు పైబడిన దూరం బస్సులో హైదరాబాద్ వెళ్లి, నగరంలో పుట్టి పెరిగి రోజూ నెట్స్ ఆడిన కుర్రాడితో పోటీ పడాలంటే, నాకు రెండూ వచ్చు అని చెప్పుకోవడం తప్ప ఇంకో దారి లేదు.

మొన్నామధ్య తెలిసినవాళ్ల అబ్బాయిని ఒక చోట ట్రయల్స్‌కు తీసుకెళ్లాను. ఏ సంస్థో చెప్పను, ఎక్కడికి వెళ్లినా ఇదే తంతు. వరుసలో నిలబెట్టి బ్యాటింగా బౌలింగా అని అడిగారు. వీడు రెండూ అన్నాడు. ఏదో ఒకటి చెప్పమన్నారు. బిక్కమొహం వేసి నావైపు చూశాడు. నేనేం చెప్పను? బ్యాటింగ్ అన్నాడు చివరికి. పన్నెండు బంతులు ఆడాడు, ఇంటికొచ్చాం. వాడి ఆఫ్‌స్పిన్ ఆ మైదానంలో ఎవరూ చూడలేదు. అక్కడ పెద్దవాళ్లు కూడా రాత్రిళ్లు ఐపీఎల్ చూసేవాళ్లే కదా, ఐపీఎల్‌లో చెల్లని సరుకును ట్రయల్స్‌లో ఎందుకు ఎంచుతారు?

పన్నెండో కుర్చీ మనకు కొత్త ప్రయోగం కూడా కాదు. 2005 జూలైలో ఐసీసీ వన్డేల్లో సూపర్‌సబ్ అని తెచ్చింది. ఆల్‌రౌండర్లను పెంచడానికే అని చెప్పింది. జరిగిందేమిటి? జట్లన్నీ అచ్చమైన బ్యాటర్నో అచ్చమైన బౌలర్నో దించాయి. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. ఏడాది తిరక్కుండానే దాన్ని ఎత్తేశారు. లీడ్స్‌లో దిగిన మొట్టమొదటి సూపర్‌సబ్ ఇంగ్లండ్ ఆటగాడు విక్రమ్ సోలంకీ. పద్దెనిమిదేళ్ల తర్వాత అహ్మదాబాద్‌లో రాయుడు పక్కకు తప్పుకున్న ఆ మొదటి మ్యాచ్‌లో గుజరాత్ జట్టుకు క్రికెట్ డైరెక్టర్ ఎవరనుకున్నారు? ఆ సోలంకీయే.

కుర్చీలకు లెక్కే లేని ఆటలో కూడా రెండు పనుల మనిషి కావాల్సొచ్చిన సంగతి ఒకటి చెప్తాను. డల్లాస్‌లో ఉంటున్న మా మేనల్లుడు శనివారమైతే అమెరికా వాళ్ల కాలేజీ ఫుట్‌బాల్‌కు అతుక్కుపోతాడు. మనుషులు ఒకరి మీద ఒకరు పడడమే తప్ప నాకు మొదట ఏమీ అర్థం కాలేదు. వాడు విడమర్చి చెప్పాక మాత్రం ఒక సంగతి నచ్చింది. అక్కడ ఎంతమందినైనా, ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. వెనక నిలబడి పాసులు అడ్డుకునేవాడు సేఫ్టీ, ముందుకొచ్చి బంతి పట్టుకుని ఉరికేవాణ్ణి పడగొట్టేవాడు లైన్‌బ్యాకర్. ఎవరి పని వారిదే. అలాంటి చోట కూడా ఎదుటి జట్లు ఊపిరి తీసుకోకుండా దాడి మీద దాడి మొదలుపెట్టేసరికి, మనిషిని మార్చే వ్యవధి లేకుండా పోయింది. దాంతో కోచ్‌లు సేఫ్టీ, లైన్‌బ్యాకర్ రెండూ తానే అయినవాడి కోసం వెతకడం మొదలుపెట్టారు. క్లెమ్సన్ యూనివర్సిటీలో ఐజయా సిమన్స్ అలా ఆడి, 2019లో దేశంలో ఉత్తమ లైన్‌బ్యాకర్‌గా బట్కస్ అవార్డు తెచ్చుకున్నాడు. ఎన్నోసార్లు అతను అసలు లైన్‌బ్యాకర్ స్థానంలో నిలబడనే లేదు.

సిమన్స్ కథకు రెండో సగం కూడా ఉంది. ప్రొఫెషనల్ జట్లు కాలేజీ కుర్రాళ్లను వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో 2020లో ఎనిమిదోవాడిగా వెళ్లి, ప్రొఫెషనల్ లీగ్‌లో ఏ స్థానంలోనూ కుదురుకోలేకపోయాడు. మూడేళ్లకే అరిజోనా జట్టు అతన్ని డ్రాఫ్ట్‌లో చివరిదైన ఏడో రౌండ్ ఎంపిక ఒకదానికి ఇచ్చేసింది. రెండు పనుల మనిషికి రెండూ రాకుండా పోయే ప్రమాదం ఉంది, ఒప్పుకుంటాను. అంతమాత్రాన వాడు పుట్టే చోటే మూసేయాలా?

ఇక సమర్థకుల వాదన. ప్రతి మ్యాచ్‌లో ఇద్దరు భారతీయులకు అదనంగా అవకాశం వస్తోందని 2024లో అప్పటి బోర్డు కార్యదర్శి జై షా చెప్పారు. వస్తోంది నిజమే. కానీ ఏం అవకాశం? సగం మ్యాచ్ ఆడే అవకాశం. ఇద్దరికి చెరో సగం ఇచ్చి ఇద్దరికి ఉద్యోగాలిచ్చామని చెప్పుకోవడం ప్రభుత్వ శాఖల్లో చూశాం, కొత్తేమీ కాదు. అశ్విన్ లాంటి తెలివైనవాడు కూడా ఈ నిబంధనను వెనకేసుకొచ్చి, సన్‌రైజర్స్ ఆటగాడు షాబాజ్ అహ్మద్‌ను ఉదాహరణగా చూపాడు. 2024 మే 24న చెన్నైలో రెండో క్వాలిఫయర్‌లో షాబాజ్ ఇంపాక్ట్ ప్లేయర్‌గా దిగి 18 పరుగులు చేసి, 23 పరుగులకు మూడు వికెట్లు తీసి మ్యాచ్ గెలిపించాడు. నేనూ కేకలు వేశాను. కానీ అశ్విన్, అది మీ వాదనకు సాక్ష్యమా, నా వాదనకా? ఆ రోజు గెలిపించింది బ్యాటూ బంతీ రెండూ తెలిసినవాడు. అలాంటివాడు మొదటి పదకొండులో ఎందుకు లేడన్నదే నా ప్రశ్న.

దూబే సున్నా ఓవర్లతో ఎంపికైన ఆ ప్రపంచకప్‌ను మనం గెలిచాం. ఎవరి చలవతో? బార్బడోస్ ఫైనల్లో 34కే మూడు వికెట్లు పోయినప్పుడు పైకి వచ్చి 47 కొట్టినవాడు అక్షర్ పటేల్. దక్షిణాఫ్రికాకు 24 బంతుల్లో 26 కావాల్సినప్పుడు క్లాసెన్‌ను ఔట్ చేసినవాడు హార్దిక్ పాండ్య. ఇద్దరూ ఆల్‌రౌండర్లే, ఇద్దరూ ఈ నిబంధన పుట్టకముందే తయారైనవాళ్లు. 2011లో 362 పరుగులు, 15 వికెట్ల యువరాజ్. 1983 ఫైనల్లో 26 పరుగులు, 12 పరుగులకు మూడు వికెట్ల మొహిందర్ అమర్‌నాథ్. కపిల్ పేరు చెప్పనక్కర్లేదు. మనం గెలిచిన ఏ కప్పు తీసుకున్నా ఇదే కథ. వచ్చే కప్పుకు ఇలాంటివాడు ఎక్కడినుంచి రావాలి?

1983 టోర్నీలో అందరికంటే ఎక్కువగా 18 వికెట్లు తీసిన రోజర్ బిన్నీ కూడా ఆల్‌రౌండరే. ఐపీఎల్‌లోకి ఈ నిబంధన వచ్చినప్పుడు బోర్డు అధ్యక్షుడి కుర్చీలో ఉన్నది ఆయనే. ఈ నిబంధన 1983లో ఉండి ఉంటే, ఆయన బ్యాటుతో పని లేదని డగౌట్‌లో కూర్చోబెట్టేవాళ్లేమో.

అన్నిటికంటే పెద్ద దగా ఇంకోటి ఉంది. ఈ నిబంధనను మొదట పరీక్షించింది దేశవాళీ టీ20 టోర్నీ సయ్యద్ ముష్తాక్ అలీ ట్రోఫీలో, 2022లో. రెండేళ్లు చూశాక, 2024లో ఆ టోర్నీ నుంచి బోర్డే దాన్ని తీసేసింది. దేశవాళీ కుర్రాళ్లకు అక్కర్లేనిది ఐపీఎల్‌కు మాత్రం 2027 దాకా కావాలట. అంటే తెలియక చేస్తున్నది కాదు. తెలిసే చేస్తున్నారు. దేశానికి ఆడాల్సినవాడు ఎలా తయారవ్వాలో ఒక చేత్తో రాసి, ప్రకటనల వ్యవధికి ఎన్ని సిక్సర్లు కావాలో ఇంకో చేత్తో రాస్తున్నారు.

బోర్డు పెద్దలు 2027 దాకా ఆగాల్సిన పనిలేదు. కొత్త కమిటీ వేయనక్కర్లేదు, కొత్త లెక్కలు తీయనక్కర్లేదు. ముష్తాక్ అలీ ట్రోఫీలో ఈ నిబంధన తీసేస్తున్నామని రాష్ట్ర సంఘాలకు 2024లో పంపిన ఉత్తరంలో టోర్నీ పేరు కొట్టేసి, ఐపీఎల్ అని రాసి, మళ్లీ పంపితే చాలు.