పరిచారికకు పరభాషాపరీక్ష

చికిత్సకు నాలుగు పాదములు కలవని చరకసంహిత చెప్పినది: వైద్యుడు, ఔషధము, ఉపస్థాత, రోగి. ఉపస్థాత యనగా రోగి చెంత నిలిచి సేవచేయు వ్యక్తి. నేటి మాటలో నర్సు. ఆ వ్యక్తికి ఉండవలసిన గుణములు కూడ నాలుగే. ఉపచారములు తెలిసియుండుట, దక్షత, తాను సేవించువారియందు అనురాగము, శుచిత్వము. ఈ జాబితాలో భాష లేదు. ఆనాటి ఉపస్థాత రోగి ఊరివాడే, రోగి మాటాడు మాటనే మాటాడువాడు గనుక ఆ ప్రసక్తి వచ్చి యుండదు. నేడు ఆ చెప్పని అయిదవ గుణమే తక్కిన నాల్గింటికిని వాకిట కావలి కూర్చున్నది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో ప్రకటించిన నివేదిక ప్రకారము లోకమున 2 కోట్ల 98 లక్షలమంది నర్సులు కలరు. ఇంకను 58 లక్షలమంది కొరత. ఉన్నవారిలో ఏడుగురికి ఒకరు తాము పుట్టిన దేశమున గాక మరియొక దేశమున పనిచేయుచున్నారు. సంపన్న దేశములలో ఈ పాలు నూటికి 23. అచ్చట వృద్ధులు పెరుగుచున్నారు, సేవచేయు యువజనులు తగ్గుచున్నారు. ఇచ్చట చదువుకొన్నవారు ఉన్నారు, చదువుకు తగిన జీతము లేదు. ఈ రెండు లోటుల నడుమ ప్రవాహము పుట్టుట సహజమే. కేరళ కన్యలు అర్ధశతాబ్దికి పైగా ఈ ప్రవాహమున సాగిపోవుచున్నారు. ఇప్పుడు మన తెలుగు బిడ్డలును అడుగు వేయుచున్నారు. తెలంగాణ ప్రభుత్వపు విదేశీ ఉద్యోగ సంస్థయగు టామ్‌కామ్ నర్సులకు జర్మను, జపాను భాషలలో శిక్షణ ఇప్పించి పంపుచున్నది. కావున ఆ వాకిటి కావలి ఎట్టిదో తెలిసికొనుట మనకును అవసరము.

ఈ విషయమున జపాను అనుభవము గొప్ప పాఠము. ఆ దేశము విదేశీ నర్సులకు చిరకాలము తలుపు తెరువలేదు. 2008లో ఇండోనేషియాతోను, అటుపిమ్మట ఫిలిప్పీన్సు, వియత్నాము దేశములతోను అమలులోనికి వచ్చిన ఆర్థిక భాగస్వామ్య ఒప్పందములు ఆ తలుపును కొంచెముగా తెరచినవి. 2008 ఆగస్టులో ఇండోనేషియానుండి తొలి జట్టు వచ్చెను. వచ్చిన నర్సులు విద్యార్థులు కారు. స్వదేశమున చదువు ముగించి కనీసము రెండేండ్లు పనిచేసినవారు. ఫిలిప్పీన్సువారికి మూడేండ్ల అనుభవము నియమము. అయినను జపానులో వారు నర్సులు కారు, అభ్యర్థులు మాత్రమే. మూడేండ్ల గడువులోపల జపాను జాతీయ పరీక్షను జపాను భాషలోనే వ్రాసి నెగ్గవలెను; లేనిచో ఇంటిదారి పట్టవలెను. అందాక వారి వంతు సహాయకుల పని: రోగికి తినిపించుట, స్నానము చేయించుట, బట్టలు మార్చుట. ఈ పనులలో నీచమైనది ఏదియు లేదు. కాని స్వదేశమున ఏండ్ల తరబడి సూదిమందు ఇచ్చిన చేతికి ఇచ్చట సూది ముట్టు అధికారము లేకపోయెను.

ఫలితములు చూడుడు. 2009లో పరీక్షకు కూర్చున్న అభ్యర్థులు 82 మంది, ఒక్కరైనను నెగ్గలేదు. 2010లో 254 మంది వ్రాయగా గట్టెక్కినవారు ముగ్గురు. 2011లో 398 మందికి 16 మంది. ఆ పరీక్షలో మొత్తముమీద నెగ్గువారు నూటికి 90కి అటునిటుగా ఉందురు. రెండేండ్లు, మూడేండ్లు ఆసుపత్రులలో ఆరితేరినవారు ఇందరు ఒక్కసారిగా అసమర్థులైరని బుద్ధిమంతుడెవ్వడైనను అనగలడా? ఆ పరీక్ష కొలిచినది వారి వైద్యజ్ఞానమును కాదు. ఆరు నెలల భాషాశిక్షణతో, పగలెల్ల కొలువుచేసి రాత్రి దీపము ముందు కూర్చుండి, ఎన్ని కాంజీ అక్షరములను మ్రింగగలిగిరో దానిని.

అప్పటి చర్చలో ఒక మాట ప్రసిద్ధికెక్కినది. దీర్ఘకాలము మంచముపట్టిన రోగికి వీపునను నడుమునను పడు పుండును జపాను సామాన్యజనులు ‘తోకోజురే’ అందురు. వైద్యగ్రంథములలోను పరీక్షాపత్రమునందును అది ‘జొకుసో’. రెండవ మాటను వ్రాయు అక్షరములు చదువుకొన్న జపానీయులనే తడబరచునట్టివి. తెలుగున మొదటిదానిని పడకపుండు అనియు, రెండవదానిని శయ్యావ్రణము అనియు అనుకొనవచ్చును. గిడుగు వారి కాలమునుండి గ్రాంథిక వ్యావహారికముల వివాదమును ఎరిగిన తెలుగు పాఠకునికి ఈ చిక్కు క్రొత్తది కాదు. ఆ పుండును కడిగి, కట్టుకట్టి, రెండు గంటలకొకసారి రోగిని ఒత్తిగిలజేసి మాన్పగల నేర్పు ఆమెకు ఉన్నది. దాని పండితనామమును చదువలేకపోవుటచేత ఆ నేర్పు లెక్కకు రాలేదు.

జపాను ప్రభుత్వము ఈ విమర్శను పెడచెవిని పెట్టలేదు. 2010లో పండితులు కూడి ఒక నిర్ణయమునకు వచ్చిరి: వైద్య పారిభాషిక పదములను మార్చరాదు, మార్చినచో ఆసుపత్రిలో గందరగోళము పుట్టును, కాని కఠినాక్షరములపై ఉచ్చారణ వ్రాయవలెను, వ్యాధినామముల ప్రక్కన ఆంగ్లమును ఈయవలెను, పరిభాషకు సంబంధములేని సాధారణ వాక్యములను సుబోధకము చేయవలెను. ఇది న్యాయమైన విభజన. శయ్యావ్రణము అను మాట నర్సు నేర్వవలసినదే, ఏలయన తోటి నర్సు వ్రాసిన కాగితమున ఆ మాటయే ఉండును. కాని దానిచుట్టు పేర్చిన పాండిత్యపు ముళ్లకంప ఎవరికిని రక్ష కాదు. 2012లో 415 మందికి 47 మంది నెగ్గిరి. 2013నుండి అభ్యర్థులకు అన్ని కాంజీలకును ఉచ్చారణ చూపిరి, కాలమును పెంచిరి. అయినను ఆ యేట 311 మందికి 30 మందియే నెగ్గిరి. కాబట్టి పరీక్షాపత్రమును సవరించినంతనే పని ముగియదు. అటుపిమ్మట వియత్నామునుండి వచ్చినవారికి ఇంటి వద్దనే ఏడాది భాష నేర్పి, ఒక మెట్టు దాటినవారినే తీసికొనిరి. వారి ఫలితములు ఎంతయో మెరుగు. భాషను పయనమునకు ముందు నేర్పుట వేరు, పనిలో పడవేసి నేర్చుకొమ్మనుట వేరు.

భాష ఎందులకు, చేతిపని వచ్చిన చాలదా యని అడుగువారు కలరు. చాలదు. మన తెలుగునే చూడుడు. నొప్పి యనునది ఒక్క మాట కాదు. పోటు వేరు, సలుపు వేరు, మంట వేరు, తీపు వేరు. ‘కడుపులో దేవుతోంది’ అను ముసలమ్మకును, ‘కడుపులో పోటు పొడుస్తోంది’ అను ముసలమ్మకును చేయవలసిన ఉపచారము ఒకటి కాదు. ‘కళ్లు బైర్లు కమ్ముతున్నాయి’ అన్నప్పుడు కంటివైద్యుని పిలువరాదు. తెలంగాణములో ‘పాణం బాగలేదు’ అన్నచో అది ప్రాణాపాయము కానక్కరలేదు. ఒంట్లో నలతయే కావచ్చును. మన ఆసుపత్రులలో తరతరములుగా సేవచేసిన మలయాళ నర్సులు ఈ భేదములను వార్డులో రోగులవద్దనే నేర్చిరి. మందు మోతాదు విషయము ఇంకను సూక్ష్మము. ఫోనులో ‘ఫిఫ్టీన్’ అన్నదానిని ‘ఫిఫ్టీ’ అని విన్నచో ప్రాణము పోవచ్చును. కాబట్టి భాషాపరీక్ష ఉండవలసినదే. ఏ భాషను పరీక్షించుచున్నారు అనునదే ప్రశ్న.

ఈ ప్రశ్న ఇంగ్లండులో సూటిగా ఎదురైనది. అచ్చటి నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిల్ పట్టికలో పేరు ఎక్కవలెనన్నచో విదేశీ నర్సు మూడు కడపలు దాటవలెను. మొదటిది ఆంగ్ల పరీక్ష. రెండవది స్వదేశమునుండియే వ్రాయదగిన కంప్యూటరు పరీక్ష. మూడవది బ్రిటనుకు వెళ్లి పరీక్షకుల యెదుట చేసి చూపవలసిన ప్రయోగపరీక్ష. చాలకాలము ఆంగ్లమునకు ఐయెల్టీఎస్ ఒక్కటే దిక్కు. నాలుగు భాగములలోను 7 అంకె రావలెను. అందులో అడుగునది ఒక గణాంకచిత్రమును వర్ణించుట, ఒక సామాన్య విషయముపై వ్యాసము వ్రాయుట. ఆంగ్లమే మాతృభాషయైన ఆస్ట్రేలియా నర్సులు సహితము కోరిన అంకె రాక నిలిచిపోయిన వార్తలు 2017లో ఆంగ్ల పత్రికలకెక్కినవి. ఆ యేడు నవంబరునుండి ఓయీటీ అను వృత్తిభాషాపరీక్షను కూడ అంగీకరించిరి. ఇందులో నర్సు వ్రాయవలసినది రోగి వివరములనుబట్టి మరియొక సిబ్బందికి ఒక ఉత్తరము. మాటాడవలసినది రోగి పాత్ర ధరించిన వ్యక్తితో. 2018 డిసెంబరులో ఐయెల్టీఎస్ వ్రాతభాగమునకు 6.5 చాలుననిరి. 2023 ఫిబ్రవరినుండి, కొద్దిలో తప్పినవారు అచ్చటనే ఏడాది ఆరోగ్యసేవలో పనిచేసియున్నచో యజమాని సాక్ష్యమును కూడ పరిగణించుచున్నారు. వ్యాసమునుండి ఉత్తరమునకు, ఉత్తరమునుండి వార్డుకు వచ్చిన ఈ నడక సరియైన దిశయే.

ఇంత జరిగినను ఈ దారిలోని అసలు బరువు తగ్గలేదు. పరీక్షల రుసుము, శిక్షణాలయపు రుసుము, ఒకటికి రెండుసార్లు వ్రాసిన ఖర్చు మోయునది సాధారణముగా నర్సు కుటుంబమే. జర్మనీలో పూర్తి గుర్తింపునకు బీ2 మెట్టు భాష సాధారణ నియమము. గుర్తింపు వచ్చుదాక అచ్చటను సహాయకురాలి పనియే. ఇంతలో విధానములు మారును. 2025 మే నెలలో బ్రిటిషు ప్రభుత్వము శాశ్వత నివాసమునకు అయిదేండ్లకు బదులు పదేండ్లు వేచియుండునట్లు ప్రతిపాదించెను. ఆ యేడు ఏప్రిలు, సెప్టెంబరుల నడుమ బ్రిటను పట్టికలో క్రొత్తగా చేరిన విదేశీ నర్సులు గతయేటి సంఖ్యలో ఇంచుమించు సగమునకు పడిపోయిరి. అప్పుచేసి పరీక్షకు చదువుచున్న పిల్లకు ఈ వార్త చెప్పు నాథుడు ఉండడు. ఏజెంటు చెప్పడు, ఏలయన అతని కమీషను నిన్నటి ఆశమీద ఆధారపడియున్నది.

పంపువారి ధర్మము ఇచ్చటనే మొదలగును. గల్ఫు మొదలైన 18 దేశములకు నర్సుల నియామకమును భారత ప్రభుత్వము 2015లో ప్రభుత్వ సంస్థల ద్వారానే జరుగునట్లు నియమించుటకు కారణము దళారుల దోపిడియే. ఆ జాగ్రత్త ఐరోపా, జపాను దారులకును వర్తింపవలెను. భాషను చివరి ఆరునెలలలో అంగడిసరకువలె కొనుట మాని, నర్సింగు కళాశాలలోనే కోరినవారికి మొదటియేటినుండి నేర్పవలెను. వియత్నాము చూపిన బాట అదియే. గడువులు, రుసుములు, వెళ్లిన తరువాత చేయవలసిన పని, ఓడినచో తిరుగుదారి – ఇవన్నియు తెలుగులో అచ్చువేసి చేతికీయవలెను. పిలుచువారి ధర్మము వేరు. 2010లో ప్రపంచ ఆరోగ్య సభ ఆమోదించిన నియమావళి విదేశీ సిబ్బందికి స్వదేశీయులతో సమానమైన ఆదరము చూపుమన్నది. పంపు దేశముల ఆరోగ్యవ్యవస్థ కుంటువడరాదన్నది.

ఈ రెండవ మాట మనకు చురుకు తగులునట్టిది. ఈ శతాబ్ది తొలి దశకమున బ్రిటిషు నియమావళి భారతదేశమున నాలుగు రాష్ట్రములనుండి నర్సులను పనిగట్టుకొని పిలువరాదని నిర్దేశించినది. అందులో ఒకటి ఆనాటి ఆంధ్రప్రదేశము. బ్రిటనునుండి అభివృద్ధి సహాయము పొందుచున్న రాష్ట్రమున ఆసుపత్రులు ఖాళీపడరాదని ఆ నిషేధమునకు కారణము. అది తరువాత తొలగినది, మన వార్డులలో కొరత తొలగలేదు. ప్రైవేటు ఆసుపత్రులలో నర్సుల జీతములపై సుప్రీముకోర్టు 2016లో సంఘము వేయించగా, 50 పడకలకు లోబడిన ఆసుపత్రిలోనైనను నెలకు 20,000 రూపాయలకు తగ్గరాదని ఆ సంఘము చెప్పెను. అమలు రాష్ట్రముల చేతికి వచ్చినది. దానిని నిక్కచ్చిగా అమలుచేసినచో వలసకు సగము కారణము తీరును. తెలుగు తెలిసిన నర్సు తెలుగు రోగిని విడిచి, కాంజీలతో కుస్తీపట్టుటకు సముద్రము దాటుచున్నదన్నచో అందు ఆమె ఆశతోపాటు మన అలక్ష్యమును కలదు. వెళ్లువారిని సిద్ధముచేసి పంపుదము. ఉండగోరువారికి ఉండదగిన జీతమిత్తము. మొదటిది చేసి రెండవది మరచినచో, రేపు మన ముసలమ్మ ‘పోటు పొడుస్తోంది’ అన్నప్పుడు ఆ మాట తెలిసినవారు మంచముదగ్గర ఉండరు.